సామర్లకోట మీద పడి ఏడవడం ఎందుకు?

కాకినాడ వాళ్ళ దగ్గర రైలు మాటెత్తితే రెండో వాక్యంలో హౌరా–చెన్నై మెయిన్ లైన్ వచ్చేస్తుంది. "ఇంత ఊరు, పోర్టు ఉంది, మెడికల్ కాలేజీ ఉంది, యూనివర్సిటీ ఉంది, అయినా మెయిన్ లైన్ మీద లేదు చూడండి" అంటారు. ఆ తర్వాత పాపం ఎవరిదన్న పంచాయితీ మొదలవుతుంది. ఒకరు తెల్లదొరల దగ్గర మొదలుపెడతారు, ఇంకొకరు ఇప్పటిదాకా గెలిచిన ఎంపీలందరినీ వరసపెట్టి కడిగేస్తారు. చివరికి అందరూ ఒక్కటే తీర్మానం చేస్తారు: పిఠాపురం నుంచి కాకినాడకి లైను వేసి, హౌరా–చెన్నై బండ్లని ఊళ్ళోంచి తిప్పితే తప్ప ఈ ఊరు బాగుపడదు.

నేనూ ఈ ఊరివాణ్ణే. విశాఖ నుంచో భువనేశ్వర్ నుంచో వచ్చే బండి అర్ధరాత్రి మనకి దగ్గరి మెయిన్ లైన్ స్టేషనైన సామర్లకోటలో దించేస్తే, రెండు సూట్‌కేసులు, నిద్రపోతున్న పిల్లాడు, "కాకినాడ, కాకినాడ" అని మీదికొచ్చే ఆటోవాళ్ళు, ఆ వేళకి వాళ్ళు చెప్పే రేటు, ఇవన్నీ నాకూ తెలిసినవే. ఆ చిరాకు నిజం. కానీ చిరాకు వేరు, చరిత్ర వేరు. కాకినాడ రైలు కథ మొదటి నుంచీ చూస్తే, మనం పోగొట్టుకున్నది మెయిన్ లైన్ కాదు, ఇంకొక లైను. దాన్ని అడగాల్సినంత గట్టిగా ఎవరం అడగడం లేదు.

కాకినాడ పుట్టుకతోనే పెద్ద రేవేమీ కాదు. ఆ పేరు పక్కనే ఉన్న కోరంగిది. ఓడలు కట్టడం, ఓడలు ఎక్కడం అన్నీ అక్కడే. గోదావరి తెచ్చిపోసే ఒండ్రు కోరంగిని పూడ్చుకుంటూ వచ్చింది. 1839 నాటి తుఫాను మిగిలింది ఊడ్చేసింది. అదే గోదావరి ఒండ్రు ఉత్తరంగా ఇసకమేట వేసుకుంటూ పోయి హోప్ ఐలాండ్ అయింది. దాదాపు 16 కిలోమీటర్ల పొడవున్న ఆ ఇసకదిబ్బ చాటున సముద్రం నెమ్మదిగా ఉంటుంది కాబట్టి ఓడలు కాకినాడ దగ్గర లంగరేయడం మొదలుపెట్టాయి. అయితే లోతు లేదు. పెద్ద ఓడ ఎప్పుడూ దూరంగా సముద్రంలోనే నిలబడాలి, సరుకు నావల మీద ఉప్పుటేట్లోంచి అక్కడికి పోవాలి. ఈ లోతు సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది.

ఆ సరుకు ఊళ్ళోకి ఎలా వచ్చేదంటే, నీళ్ళ మీద. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవలు పొలాలకి నీళ్ళివ్వడంతో ఆగలేదు. పడవలు నడవడానికి వీలుగా లాకులతో సహా కట్టారు. రాజమండ్రి వైపు నుంచి కాకినాడకి, అటు ఏలూరు మీదుగా బెజవాడకి పడవలో పోవచ్చు. అక్కడి నుంచి కొమ్మమూరు కాలవ, బకింగ్‌హాం కాలవ పట్టుకుంటే మద్రాసు. గట్టు మీద మనుషులు తాళ్ళు భుజాన వేసుకుని పడవని లాగుతుంటే, బస్తాల మధ్య కుటుంబాలు వంట చేసుకుంటూ పోయిన కాలం అది. 1861–65లో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి ఇంగ్లండు మిల్లులకి పత్తి ఆగిపోయినప్పుడు, ఇక్కడి రేవు నుంచి పోయిన పత్తి కాకినాడకి డబ్బు తెచ్చిపెట్టింది. ఆ డబ్బు వచ్చేనాటికి ఊళ్ళో రైలు కూత లేదు.

ఇంకో తమాషా ఏమిటంటే, కాటన్ దొరకి రైలంటే పడేది కాదు. డెల్టాలో ఊరూరా విగ్రహాలు పెట్టి దండలేసే మనిషి, 1870లలో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు కూర్చుని, ఈ దేశానికి రైళ్ళు కాదు, పడవలు నడిచే కాలవలు కావాలని వాదించాడు. బరువు సరుకుకి నీటి రవాణా అంత చవక ఇంకోటి లేదన్నది ఆయన లెక్క. వాదనలో ఓడిపోయాడు. 1876–78 కరువు తర్వాత వేసిన కమిషను, తిండిగింజలు త్వరగా చేరాలంటే రైలు మార్గాలు పెంచాలని చెప్పింది. ప్రభుత్వం మొగ్గు అటే పోయింది.

ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే 1893 నుంచి 1896 లోపు బెజవాడ నుంచి కటక్ దాకా లైను వేసింది. రాజమండ్రి దాటాక అది అనపర్తి, సామర్లకోట, పిఠాపురం, తుని మీదుగా పోతుంది. మ్యాపు తీసి చూడండి. రాజమండ్రికి, తునికి మధ్య లైను సామర్లకోట మీదుగానే పోతుంది. కాకినాడ ఆ లైనుకి 15 కిలోమీటర్ల లోపు దూరంలో, సముద్రం వైపు పక్కకి ఉంటుంది. మద్రాసుని కలకత్తాతో కలపాలనుకున్నవాళ్ళు కాలవలు, మురుగు కోడులు దాటుకుంటూ సముద్రం దాకా దిగి, మళ్ళీ పైకెక్కడం ఎందుకు? బందరు పరిస్థితీ అదే, ట్రంకు లైను దాన్నీ తాకలేదు. ఇందులో కుట్ర ఏమీ నాకు కనపడదు. సామర్లకోట నుంచి రేవు దాకా బ్రాంచి వేశారు, ఆ రోజుల్లో ఒక రేవుకి కావలసింది అదే. రేవు ఊరికి రైలు వచ్చి ఆగాలి. దాటిపోయి ఎక్కడికి పోతుంది, నీళ్ళలోకా?

అసలు దెబ్బ తర్వాత తగిలింది, మూడు విడతలుగా.

మొదటిది గోదావరి వంతెన. 1900 దాకా రాజమండ్రికి, కొవ్వూరుకి మధ్య నది మీద రైలు దారి లేదు. బండి దిగి, పడవెక్కి నది దాటి, మళ్ళీ బండెక్కాలి. సరుకుకీ అంతే. అంటే నదికి తూర్పున ఉన్నవాళ్ళకి కాకినాడే దగ్గర రేవు, మద్రాసు చాలా దూరం. 1900లో హేవలాక్ వంతెన మీద బండ్లు నడిచాక ఆ దూరం ఒక్కసారిగా తగ్గిపోయింది. దానికి ఏడాది ముందే బెజవాడకి, మద్రాసుకి లైను కలిసింది. వంతెన వల్ల కాకినాడకి మేలు జరిగిందని అందరూ రాస్తారు. ప్రయాణికులకి నిజంగానే మేలు. రేవుకి మాత్రం ఆ వంతెన పోటీదారుణ్ణి ఇంటి గుమ్మం దాకా తెచ్చిందని నా అభిప్రాయం.

రెండోది పంపకం. 1901లో విశాఖలోని వాల్తేరుకి దక్షిణాన ఉన్న లైను మద్రాస్ రైల్వే చేతికి పోయింది. ఉత్తర భాగం ఆ మరుసటేడు బెంగాల్ నాగపూర్ రైల్వేకి పోయింది. 1908 నాటికి మనవైపుది మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే అయింది. కాకినాడ రాత ఈ పంపకంతోనే సగం రాసేశారు. మద్రాసు కేంద్రంగా నడిచే కంపెనీకి మద్రాసు రేవు ఉండగా, దారి మధ్యలో ఒక బ్రాంచి చివరన ఉన్న లోతులేని రేవుని పెంచి పెద్దచేయాల్సిన అవసరం ఏముంది? వాల్తేరు అవతలి కంపెనీ సంగతి వేరు. దానికి మధ్య పరగణాల ఖనిజం, ధాన్యం ఓడెక్కించడానికి సొంత దారి కావాలి.

మూడో దెబ్బ అక్కడి నుంచే వచ్చింది. పార్వతీపురం నుంచి రాయపూర్ లైను 1931లో పూర్తయింది. 1933లో విశాఖపట్నం హార్బరు తెరిచారు. ఓడ నేరుగా గట్టుకొచ్చి ఆనుకునే హార్బరది, వెనక రాయపూర్ దాకా నేల. ఆ రోజుతో తూర్పు తీరంలో మద్రాసుకి, కలకత్తాకి మధ్య రేవు ఏదన్న ప్రశ్న తీరిపోయింది. విశాఖ మెయిన్ లైన్ మీద ఉండటం వల్ల గెలిచిందని మనవాళ్ళు అంటారు. రాయపూర్ లైను లేకుండా ఆ హార్బరుకి సరుకు ఎక్కణ్ణుంచి వచ్చేదో ఎవరూ చెప్పరు. రేవుని బతికించేది దాని ముందున్న నీళ్ళ లోతొకటి, వెనకున్న నేల ఒకటి. పక్కనుంచి పోయే ఎక్స్‌ప్రెస్ బండికి ఆ రెండింటితోనూ సంబంధం లేదు.

అలాగని ఆ బ్రాంచి లైను ఊరికే పడి ఉందనుకోకండి. రంగం పోయేవాళ్ళు ఈ దారినే పోయారు. ఇటు జనానికి రంగూన్ అంటే రంగమే. మిల్లుల్లో, రేవుల్లో, బియ్యం గిడ్డంగుల్లో కూలికి పోయిన తెలుగువాళ్ళని బర్మాలో కోరంగీలనేవాళ్ళు, మన పాత రేవు పేరుతో. బ్రాంచి బండిలో రేవుకొచ్చి, మూటలు నెత్తిన పెట్టుకుని, నావలో ఉప్పుటేరు దాటి, సముద్రంలో నిలబడ్డ స్టీమరెక్కడం. తెచ్చిన డబ్బుతో పొలాలు కొన్నవాళ్ళున్నారు, తిరిగి రానివాళ్ళున్నారు. 1942 మార్చిలో జపాన్ సైన్యం రంగూన్ తీసుకుంది. ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులేశాయి. స్టీమర్లు ఆగిపోయాయి, వేలమంది కాలినడకన అడవుల గుండా వెనక్కొచ్చారు. సముద్రం వైపు పోయే మనుషుల కోసం కూడా ఉన్న లైనుకి ఆ మనుషులు లేకుండా పోయారు.

1923 డిసెంబరులో కాంగ్రెస్ మహాసభలు కాకినాడలో జరిగాయి. మౌలానా మహమ్మద్ అలీ అధ్యక్షుడు. దేశం నలుమూలల నుంచీ వచ్చిన ప్రతినిధుల్లో ఎక్కువమంది సామర్లకోటలో మారో, మారకుండానో ఈ బ్రాంచి మీదుగానే దిగి ఉంటారు. టికెట్ లేదని నెహ్రూని ఖాదీ ప్రదర్శన గుమ్మం దగ్గర ఆపిన దుర్గాబాయి కథ ఇక్కడిదే, ఆవిడ అప్పుడు పద్నాలుగేళ్ళ పిల్ల. అఖిల భారత సభ పెట్టడానికి ఆ రోజున మెయిన్ లైన్ లేకపోవడం ఎవరికీ అడ్డం రాలేదు.

ఇక నేను చెప్పాలనుకున్న లైను. కాకినాడ నుంచి దక్షిణంగా కరప, వేళంగి, రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా గోదావరి పాయైన గౌతమి గట్టున ఉన్న కోటిపల్లి దాకా 45 కిలోమీటర్ల లైను 1928లో వేశారు. మన రేవు వెనక ఉన్న అసలు నేల అదే. వరి, కొబ్బరి, అరటి, కాలవల మధ్య ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్న ఊళ్ళు. అంతకుముందు పడవల మీద వచ్చిన సరుకంతా ఆ నేలదే. కాటన్ కాలవ చేసిన పనికి రైలు అందుకున్న ఒకే ఒక్క చోటు అది. పన్నెండేళ్ళు నడిచింది. 1940లో యుద్ధానికి ఇనుము కావాలని పట్టాలు పీకి పట్టుకుపోయారు. మా అమ్మమ్మ పుట్టిల్లు అటువైపే. ఆవిడ చిన్నప్పటి సంగతులు చెబుతూ "రైలు ఆపేశారు" అనేది కాదు, "రైలు పీకేశారు" అనేది. మెయిన్ లైన్ మనకి ఎవరూ ఇచ్చి తీసుకోలేదు. ఇది మాత్రం ఇచ్చి, వాడుకలో ఉన్నదాన్ని లాక్కున్నారు. యుద్ధం 1945లో అయిపోయింది. పట్టాలు మళ్ళీ పడి బండి నడిచింది 2004లో.

ఆ 64 ఏళ్ళ గురించి మన ఊళ్ళో ఎవరూ కోపం తెచ్చుకోరు. మెయిన్ లైన్ మీద ఉన్న కోపంలో పదో వంతు కూడా లేదు.

తిరిగి వచ్చిన లైను మీద నడిపింది రైల్‌బస్సు. ఒకే ఒక పెట్టె. టౌన్ స్టేషన్లో పొడుగాటి ఎక్స్‌ప్రెస్ పక్కన నిలబడితే పెద్దాయన వెంట వచ్చిన మనవడిలా ఉండేది. నేనెక్కిన రోజు కాలేజీ పిల్లలు, కోటిపల్లి సోమేశ్వరుడి గుడికి పోయే ఆడవాళ్ళు, కిటికీ పక్క సీటు కోసం తగువు పడుతున్న ఇద్దరు ముసలాళ్ళు ఉన్నారు. ఊరు దాటగానే రెండు వైపులా వరి చేలు, మధ్యమధ్య కొబ్బరి గట్లు, బండి చప్పుడుకి లేచి మళ్ళీ వాలే కొంగలు. వేగం ఎంతంటే, గట్టు మీద మోటార్ సైకిల్ మీద పోతున్న కుర్రాడు మాతో పోటీ పెట్టుకుని తేలిగ్గా గెలిచాడు. కోటిపల్లిలో దిగితే ఎదురుగా గౌతమి. అవతల గట్టున ముక్తేశ్వరం కనిపిస్తుంది, అక్కడికి పంటు మీద పోవాలి. కోనసీమ గుమ్మం దాకా వచ్చి రైలు అక్కడితో ఆగిపోయింది. 2020 లాక్‌డౌన్‌లో అన్ని బండ్లతో పాటు ఇదీ ఆగింది. మిగతావి ఒక్కొక్కటిగా మళ్ళీ పట్టాలెక్కుతుంటే దీని ఊసు ఎత్తినవాళ్ళు తక్కువ.

కోటిపల్లి నుంచి అమలాపురం, రాజోలు మీదుగా నరసాపురం దాకా 57 కిలోమీటర్ల లైను మంజూరై రెండు దశాబ్దాలు దాటిపోయింది. లోక్‌సభ స్పీకర్‌గా ఉన్న జీఎంసీ బాలయోగి తన కోనసీమకి రైలు తేవాలని పట్టుబట్టి సాధించిన ప్రాజెక్టు అది. 2002 మార్చి 3న ఆయన హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. ఆ తర్వాత ఫైలు నడక మన రైల్‌బస్సు నడకే. గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడింటి మీదా వంతెనలు కావాలి. నదిలో స్తంభాలు లేచాయి. భూసేకరణ ఒక తగువు, రాష్ట్రం ఇవ్వాల్సిన 25 శాతం వాటా ఇంకో తగువు. ఈలోగా అంచనా వ్యయం మొదట అనుకున్నదానికి ఎన్నో రెట్లు పెరిగింది.

అది పూర్తయితే ఏమవుతుంది? నరసాపురం నుంచి భీమవరానికి లైను ఇప్పటికే ఉంది. అక్కడి నుంచి గుడివాడ, బెజవాడ, బందరు. అంటే కాకినాడ ఒక బ్రాంచి చివర ఉన్న ఊరు కాకుండా, డెల్టా మొత్తాన్ని చుట్టే తీర లైనుకి మొదటి స్టేషనవుతుంది. రాజమండ్రి వంతెనల మీద ఒత్తిడి పెరిగినా, అటు లైను మీద ఏ తేడా వచ్చినా, గోదావరి దాటడానికి ఇంకో రైలు దారి ఉంటుంది. ఉభయ గోదావరుల బియ్యానికి కాకినాడ రేవు చాలా దగ్గర. ఇవాళ్టికీ ఇక్కడి నుంచి పోయే ప్రధాన సరుకుల్లో బియ్యం ఒకటి. యాంకరేజ్ పోర్టులో ఈ రోజుకీ బార్జీల మీదే ఓడలకి చేరుతుంది. 1990ల చివర్లో డీప్ వాటర్ పోర్టు వచ్చాక లోతు సమస్య చాలావరకు తీరింది. రెండిట్లో ఒకటి తీరింది కదా, ఇక మిగిలింది వెనక నేలే.

పిఠాపురం లైను వద్దని నేననడం లేదు. విశాఖ వైపు రోజూ పోయొచ్చే ఉద్యోగులకి, విద్యార్థులకి అది పనికొస్తుంది. కానీ అది వస్తే దూరప్రాంతపు ఎక్స్‌ప్రెస్‌లన్నీ ఊళ్ళోకి తిరుగుతాయన్న ఆశ దగ్గర నాకు నమ్మకం చాలదు. హౌరా–చెన్నై బండికి నిమిషాలు తగ్గించడానికి ఉన్న స్టాపులే పీకుతున్న రోజులివి. చుట్టు తిరిగి అదనంగా టైము తగలేసుకుని కాకినాడలో ఆగమంటే రైల్వేవాళ్ళు ఆలోచించరా? మహా అయితే నాలుగైదు బండ్లు తిప్పుతారు. మిగతా వాటికి మళ్ళీ సామర్లకోటే.

ఇంకోటి, టెర్మినల్ ఊరికి ఉన్న సుఖం మనం గమనించం. గౌతమి, సర్కార్, శేషాద్రి బండ్లు ఇక్కడే పుట్టి ఇక్కడి నుంచే బయల్దేరతాయి. బండి ముందే ప్లాట్‌ఫారం మీద ఉంటుంది, సావకాశంగా ఎక్కుతాం, సామాను సర్దుకుంటాం, వచ్చినవాళ్ళతో కిటికీలోంచి కబుర్లు చెప్పుకుంటాం. రెండు నిమిషాల స్టాపులో తోసుకుంటూ ఎక్కే మెయిన్ లైన్ ఊళ్ళ టెన్షన్ మనకి తెలీదు. సాయంత్రం గౌతమి కదిలేటప్పుడు టౌన్ స్టేషన్ చూస్తే ఊళ్ళో సగం మందికి హైదరాబాదులో పిల్లలున్నారని తెలిసిపోతుంది. 2008 ఆగస్టు 1న అర్ధరాత్రి దాటాక, సికింద్రాబాద్ నుంచి మన ఊరికి వస్తున్న గౌతమిలో కేసముద్రం దగ్గర మంటలు లేచి 30 మందికి పైగా చనిపోయారు. ఆ తెల్లారి ఈ ఊరు ఎలా ఉందో చూసినవాళ్ళెవరూ ఆ బండిని మామూలు బండి అనరు. ఒకప్పుడు రంగానికి పోయే దారి ఇప్పుడు సికింద్రాబాద్‌కి పోయే దారయింది, అంతే తేడా.

నా వాదనకి జవాబు కూడా ఉంది, చాలామంది అంటారు. కోనసీమవాళ్ళకి రోడ్డుంది, వంతెనలున్నాయి, కార్లున్నాయి, ఇప్పుడు రైలెవరెక్కుతారు అని. రైల్‌బస్సు ఖాళీగా తిరిగిన రోజులు చూపిస్తారు. నది గట్టున పంటు దగ్గర ఆగిపోయే బండి, అదీ మోటార్ సైకిల్ కంటే నెమ్మదైన బండి, ఖాళీగా కాక ఎలా ఉంటుంది? సగం కట్టిన లైను లెక్కలు చూపించి మిగతా సగం వద్దనడం ఏం న్యాయం? పైగా నేను మాట్లాడేది మనుషుల గురించే కాదు. కొబ్బరి, బియ్యం, భీమవరం వైపు రొయ్యలు ఇవాళ లారీల మీద పోతున్నాయి. ఆ లారీలు ఏ రోడ్ల మీద పోతున్నాయో వర్షాకాలంలో కోనసీమకి వెళ్ళొచ్చినవాళ్ళని అడగండి.

ఇందులో ఇంకో చిక్కు 2022లో వచ్చింది. జిల్లాలు విడగొట్టినప్పుడు రామచంద్రపురం, ద్రాక్షారామం, కోటిపల్లి కోనసీమ జిల్లాలోకి పోయాయి. అంతకుముందు కలెక్టరాఫీసు పనికైనా వాళ్ళు కాకినాడ రావాలి. ఇప్పుడు ఆ లైను ఒక జిల్లాలో మొదలై ఇంకో జిల్లాలో ఆగుతుంది. కాకినాడ నాయకుడికి పిఠాపురం లైను మీద ధ్యాస, అమలాపురం నాయకుడికి వంతెనల మీద. మధ్యలో పట్టాలున్న 45 కిలోమీటర్ల మీద ఏ బండి ఎప్పుడు నడుస్తుందని అడిగే పని ఎవరిదో తెలియదు.

అందుకని నా వరస ఇది. ముందు కోటిపల్లి దాకా ఉన్న పట్టాల మీద పొద్దున్న ఒకటి, సాయంత్రం ఒకటి, కాలేజీలకీ ఆఫీసులకీ సరిపడే వేళల్లో రెండు మూడు పెట్టెల బండి. దానికి కొత్త భూమి అక్కర్లేదు, కొత్త వంతెన అక్కర్లేదు. తర్వాత నరసాపురం లైనుకి రాష్ట్రం వాటా ఏ సంవత్సరం బడ్జెట్లో ఎంత ఇస్తారో రాతపూర్వకంగా మాట. ఆ రెండూ అయ్యాక పిఠాపురం గురించి మాట్లాడదాం. ఈసారి ఓట్లకోసం వచ్చి మెయిన్ లైన్ తెస్తాననే ఆయన్ని నేను మొదట అడగబోయేది, కోటిపల్లి బండి టైమెంత అని.